మేడ్చల్ ఉన్ని, శామీర్‌పేట తల

ఒక్క ఫోన్ కాల్ నాచేత ఈ ప్రయాణం చేయించింది. అవతలి గొంతు అడిగిన మూడు ప్రశ్నల గురించి కాస్త ఆలోచించి ఉంటే ఇల్లు కదిలేదాన్నే కాదు. ఆలోచించలేదు. ఆ పూటే ఒప్పేసుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా తొందరకు నేనే దండం పెట్టుకోవాలనిపిస్తోంది.

నాకు యాప్రాల్‌లో చిన్న పార్లర్ ఉంది. మేడ మీద ఒక గది, రెండు కుర్చీలు, ఒక అద్దం. కనుబొమ్మలు తీయడం, ఫేషియళ్ళు చేయడం అందరూ చేస్తారు. నాకు పేరు తెచ్చింది పెట్టుడు జడలు. ఏళ్ళ తరబడి దువ్వకపోతే జుట్టు తాళ్ళలా జడలు కడుతుంది చూడండి, అలాంటి జడల్ని ఉన్న జుట్టుకే వేరే జుట్టు చుట్టి తయారు చేయడం. కాలేజీ పిల్లలు ఫో లాక్స్ అంటారు. వచ్చిన ప్రతి పిల్లదీ ఒకటే మాట: "ఆంటీ, పెట్టించుకున్నట్టు కనబడొద్దు." కనబడకుండా చేయడమే నా విద్య. నా చేతి కింద తయారైన జడను ఎవరూ ఇంతవరకు పట్టుకోలేదు, ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే.

ఫోన్ చేసింది ఒక ఆడపిల్ల. నేను పెట్టిన వీడియో చూసిందట.

"మేడం, దగ్గరికొచ్చి చూసినా దొరకద్దు. గట్ల జేస్తరా?"

"చేస్తాను."

"తెల్ల ఎంటికెలకు గూడ జేస్తరా?"

వెండిరంగు వేసుకోవడం ఇప్పుడు ఫ్యాషన్ కదా అనుకుని, చేస్తానన్నాను.

"పొట్టి జుట్టుకు? ఏలంత పొడుగు ఉంటది."

కష్టమేగానీ అదీ చేస్తానన్నాను. శామీర్‌పేట దాటాక వాళ్ళ ఊరట. మంగళవారం పదకొండు లోపల ఇంటికే రావాలట. ఆ వైపు ఈమధ్య విల్లాలు లేస్తున్నాయి. వెండిరంగు పొట్టి జుట్టున్న ఏ గొప్పింటి పిల్లో పెళ్ళికి వెళ్ళడానికి ముస్తాబవుతోందని నాకు నేనే కథ అల్లేసుకున్నాను.

మంగళవారం ఉదయం ఏడుంపావుకు బయలుదేరాను. నేరుగా శామీర్‌పేట బస్సు ఎక్కొచ్చు, మీలో ఎవరైనా వెళితే అలాగే వెళ్ళండి. నేను మాత్రం మేడ్చల్ మీదుగా చుట్టు తిరిగాను, ఎందుకంటే నా విద్యలోని రహస్యం మేడ్చల్‌లో ఉంది. బజారులో దొరికే ప్లాస్టిక్ జుట్టు ఎండలో నిగనిగ మెరిసి పట్టిచ్చేస్తుంది. దానిలో గొర్రె ఉన్ని కలిపితే ఆ మెరుపు చచ్చిపోయి అసలు జుట్టులా కనబడుతుంది. ఆ ఉన్ని నాకు ఇచ్చేది గొంగళ్ళు నేసే మల్లయ్య తాత.

యాప్రాల్ నుంచి బొల్లారం స్టేషన్‌కు ఆటో, అక్కడినుంచి మేడ్చల్‌కు లోకల్ రైలు. ఆ లైన్లో రైళ్ళు తక్కువ, ఒకటి తప్పితే ఇక బస్సే గతి. ఏడు యాభైకి వచ్చిన రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా తెల్ల మీసాల పెద్దాయన, మిలిటరీలో చేసి రిటైరయ్యాడట, మేడ్చల్‌లో తన ప్లాటుకు వేసిన కంచె ఉందో ఊడిందో చూసుకోవడానికి వెళ్తున్నాడు. నా సంచిలోంచి బయటికి వేలాడుతున్న నల్లటి జుట్టును చాలాసేపు చూశాడు.

"ఎవరిదమ్మా అది?" అన్నాడు ఆఖరికి.

"ఎవరిదీ కాదండీ, ప్లాస్టిక్."

"అయితే సరే" అన్నాడు గానీ, సర్దుకుని కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు.

ఎనిమిదిన్నరకు మేడ్చల్. బస్టాండు దగ్గర రెండు ఇడ్లీ, ఒక చాయ్. ఇడ్లీ బాగుంది, అల్లం చట్నీ ఇంకోసారి అడిగితే మొహం చిట్లించకుండా వేశాడు. అక్కడికి పది నిమిషాల నడకలో మల్లయ్య తాత ఇల్లు. నల్ల ఉన్ని ఒక గుప్పెడు, తెల్లది ఒక గుప్పెడు కావాలంటే ఆయన మగ్గం గుంటలోంచి తల పైకెత్తాడు.

"తెల్లది ఎందుకే బిడ్డా? ఎన్నడు అడగకపోతివి."

"పట్నం పోరి తాతా. తెల్ల జుట్టు ఫ్యాషనంట."

"మేము ఈ వాసన వోవాలని పొద్దంత కడుగుతం. మీరు తల మీద వెట్టుకుంటరు. మంచిగుంది మీ పని" అని నవ్వి, రెండు పొట్లాలు కట్టిచ్చాడు.

నిజానికి ఆ ఉన్నిని ఇంటికి తెచ్చి కుంకుడు రసంలో రెండుసార్లు కడిగి వాడతాను. ఈసారి తెల్ల ఉన్ని కడిగే వ్యవధి లేదు. దాని ఫలితం తొమ్మిదిన్నరకు ఎక్కిన షేర్ ఆటోలోనే తెలిసింది. నా పక్కన కూర్చున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఎవలో మేకపిల్లను ఎక్కిచ్చిండ్రు, జర చూడు డ్రైవరన్నా" అంది. నేను కూడా ఆటో అంతా వెతుకుతున్నట్టు నటించాను. ముందు సీట్లో ఒక ప్లాట్ల బ్రోకరు దారి పొడవునా రాళ్ళు పాతిన బీళ్ళను చూపిస్తూ, "మేడం, ఇప్పుడే తీస్కోండ్రి, మల్ల దొరకది" అంటూనే ఉన్నాడు. ఒక చోట సున్నం గుర్తుల మధ్య ఇంకా జొన్న మోళ్ళు కనిపించాయి.

శామీర్‌పేట చౌరస్తాలో ఆటో మారి, ఆ ఊరి స్టాపులో దిగేసరికి పదీ ఇరవై. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఆ ఎండలో తల చుట్టూ బిగించి స్కార్ఫు కట్టుకున్న ఒక పిల్ల నిలబడి ఉంది. పదమూడేళ్ళుంటాయి.

"మేడం, నేనే ఫోన్ జేసింది. నవ్య."

నేను ఆ పిల్ల వెనక ఎవరైనా అక్క ఉందేమోనని చూశాను. ఎవరూ లేరు. విల్లా కూడా లేదు. చెరువు కట్ట దిగాక రెండు గదుల స్లాబు ఇల్లు, గోడ మీద ఆరేసిన చేపల వల. వాకిట్లో నులక మంచం మీద ఒక ముసలామె. నుదుటిన రూపాయి బిళ్ళంత కుంకుమ, మెడలో గవ్వల దండ, తల నిండా వేలంత పొడవున్న తెల్లటి జుట్టు.

"ఎవరికి చేయాలి?" అని అడిగాను, జవాబు కళ్ళెదుటే కనిపిస్తున్నా.

"మా అవ్వకు" అంది నవ్య.

గవ్వల దండ చూడగానే అర్థమైంది, ఆమె శివసత్తి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఎల్లమ్మ తల్లి తన మనిషిగా ఎంచుకుందని ఊరు నమ్మే ఆడమనిషిని మా వైపు శివసత్తి అంటారు. జుట్టు దానంతట అదే జడలు కట్టడం అందుకు గుర్తు. ఆ జుట్టుకు దువ్వెన తగలకూడదు, కత్తెర అసలే తగలకూడదు. బోనాలప్పుడు అలాంటివాళ్ళు ఎదురైతే నేను చెప్పులు విప్పి పక్కకు తప్పుకునేదాన్ని. అలాంటి తల మీద నేను గొర్రె ఉన్ని అతికించాలా?

సంచి భుజాన వేసుకున్నాను. "నావల్ల కాదమ్మా. అమ్మవారితో పరాచికాలా? కాలేజీ పిల్లలకంటే చేస్తాను గానీ ఇది పాపం."

"జర కూసో బిడ్డా" అంది ఆమె. పేరు బాలమ్మ. గొంతులో తొందర లేదు. "నా కోసమైతే నిన్ను పిలువనే పిలువకపోదును. నవ్యా, రుమాలు ఇప్పు."

నవ్య స్కార్ఫు విప్పింది. ఇరవై ఏళ్ళుగా తలలు చూస్తున్న దాన్ని, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. ముందు వైపు జుట్టు మామూలుగానే ఉంది. వెనక, మెడకు పైన, పిడికిలంత ముద్ద. ఒక్క వెంట్రుక విడిగా లేదు, చెప్పుల కింద తొక్కిన ఉన్నిలా గడ్డకట్టింది. దాని చుట్టూ పసుపు రాసి ఉంది.

సంగతి బాలమ్మే చెప్పింది. వానాకాలంలో ఆమె బట్టలుతికే బండ మీద జారిపడి తల పగిలింది. దవాఖానాలో కుట్లు వేయడానికి గుండు గీశారు. నడుము దాకా ఉన్న యాభై ఏళ్ళ జడలు పోయాయి. ఎల్లమ్మ ఆ తలను వదిలేసిందని, ఆ ఇంట్లోనే ఇంకో తల వెతుక్కుంటుందని వాడ వాడంతా అనుకున్నారు. తర్వాత నవ్యకు టైఫాయిడ్. మూడు వారాలు పిల్ల మంచం దిగలేదు, తల దువ్వలేదు. లేచేసరికి వెనక చిక్కు ముద్ద కట్టింది. అంతే, అమ్మవారు పిల్ల తల మీదికి వచ్చిందన్నారు. నవ్య తండ్రి యాదగిరి ఇంట్లో దువ్వెనలన్నీ తీయించేశాడు.

"ఎనిమిదో తరగతి నేను. రెండు నెల్లాయె బడికి పోక" అంది నవ్య. ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది.

"వచ్చే ఆదివారం బైండ్లోళ్ళు వస్తరు, ఎల్లమ్మ కథ జెప్పి పిల్ల జడకు పసుపు గడ్తరు" అంది బాలమ్మ. "గది అయినంక ఇగ అది నా లెక్కనే. దువ్వెన లేదు, బడి లేదు, లగ్గం లేదు."

"మీరే వద్దని చెప్పొచ్చు కదా, మీ మాట వినరా?"

"జడ లేని శివసత్తి మాట ఎవరు ఇంటరు బిడ్డా? నన్నిప్పుడు ముసల్ది అంటున్నరు, అంతే."

"పోనీ, నేను ఇప్పుడే నూనె పెట్టి పిల్ల తల విడదీస్తాను."

"తల్లిని ఎల్లగొట్టిండ్రని ఊరు మీద వడ్తది. రేపు ఎవరి ఇంట్ల బర్రె సచ్చినా ఈ పిల్లనే అంటరు. తల్లి పోవాలంటే ఇంకో తల ఉండాలె. గా తల నాది." ఆమె నా చేయి పట్టుకుంది. "దొడ్డుయి పెట్టకు. ఇప్పుడే మొలుస్తున్నట్టు, రెండు చిన్నయి. అసొంటియి చేస్తవా?"

నేను కూర్చున్నాను. భయం తగ్గలేదు. ఆ పిల్ల మెడ మీద పసుపు చూస్తూ లేచి బస్సెక్కడం మాత్రం నావల్ల కాలేదు.

నా సంచిలో ఉన్న పొడవాటి నల్ల జుట్టు దేనికీ పనికిరాలేదు. మల్లయ్య తాత తెల్ల ఉన్ని రంగు దగ్గరగా ఉందిగానీ కాస్త పసుపు తిరిగింది. ఆ సంగతి చెప్పగానే బాలమ్మ మంచం కింది నుంచి ఒక మూట తీసింది. దానిలో దవాఖానాలో కోసేసిన ఆమె జడలు. చెరువులో కలపాల్సినవి, కలపకుండా దాచింది. చేతిలోకి తీసుకుంటే తడిసిన తువ్వాలంత బరువు. దాని కొస నుంచి తెల్ల పీచు సన్నగా లాగి, ఉన్నితో కలిపి అరచేతుల్లో నలిపాను. రంగు కలిసిపోయింది.

"పాపం కాదా అవ్వా?" అన్నాను మళ్ళీ, చేతులు పని చేస్తుండగానే.

"తల్లి యాభై ఏండ్లు నా నోట మాట పలికింది. గది ఎంటికెలల్ల ఉన్నదా? ఆమెకు తెల్వదా నేనెందుకు జేస్తున్ననో?"

మొదలుపెట్టేటప్పుడు ఆమె ఒక్కటే అడిగింది. "ఎనక పెట్టకు బిడ్డా. నడినెత్తి మీద పెట్టు."

ఇక్కడే నాలోని పనిమంతురాలు లేచింది. జుట్టు ముందుగా జడకట్టేది వెనకే, తల దిండుకు రాసుకునే చోట. నడినెత్తి మీద మొలిచిందంటే వాళ్ళు కాదు, ముందు నేనే నమ్మను. ఆ మాటే గట్టిగా చెప్పాను. ఆమె కాసేపు చెరువు వైపు చూసింది.

"సరే. ఎనకనే పెట్టు" అంది.

లోపలి గదిలో తలుపు దగ్గరికి వేసుకుని, పదకొండుకు మొదలుపెట్టి పన్నెండున్నరకు ముగించాను. రెండు జడలు, బొటనవేలంత. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకేలా ఉంటే అక్కడే దొరికిపోతాం. కుదుళ్ళ దగ్గర జుట్టును వెనక్కి దువ్వి చిక్కు చేసి, ఉన్నిని సన్నని కొక్కెం సూదితో లోపలికి లాగి, సబ్బునీళ్ళు తడిపి అరచేతుల మధ్య తిప్పితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కొసలు కత్తిరించకూడదు, పీచుగా వదిలేయాలి. అటూ ఇటూ నాలుగైదు వెంట్రుకలు లేచి ఉండాలి. చివర పసుపు, సాంబ్రాణి పొగ. రెండడుగులు వెనక్కి వేసి చూశాను. ఇంత బాగా నేనెప్పుడూ చేయలేదు. ఆ సంతోషానికి నాకే సిగ్గేసింది.

సూదులన్నీ సంచిలో దాచగానే బాలమ్మ ఒక కొబ్బరికాయ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఎవరన్న అడిగితే తల్లిని మాట అడగవస్తినని చెప్పు. నువ్వు ఒచ్చి మొక్కంగనే తల్లి కనవడ్డది."

జడ చేసినదాన్ని నేనే, మొదటి భక్తురాలినీ నేనే.

ఒంటిగంటకు కాస్త ముందు నవ్య తల్లి సుజాత వచ్చింది. మొక్కల నర్సరీలో కూలి పని, చీర అంచంతా ఎర్రమట్టి. "అమ్మా, అవ్వ తల జూడు" అంది నవ్య. సుజాత అత్త వెనక్కి వెళ్ళి వంగింది. చాలా దగ్గరగా చూసింది. కుదురు పక్కన, నా కళ్ళు తప్పించుకున్న నల్ల ఉన్ని పోగు ఒకటి, గడ్డిపరకలా నిలబడి ఉంది. నేనూ అప్పుడే చూశాను.

సుజాత రెండు వేళ్ళతో ఆ పోగును లాగేసింది. నావైపు చూసింది. ఆ పోగును కొంగు చివర ముడి వేసి నడుములో దోపుకుంది. తర్వాత గోడ అవతలికి వినబడేలా కేక పెట్టింది: "తల్లి మల్లొచ్చింది! మా అత్త తల మీదికి మల్లొచ్చింది!"

అరగంటలో వాకిలి నిండింది. చెరువు నుంచి చేపల గంపతో యాదగిరి వచ్చాడు, లుంగీ తడిసి ఉంది. జనం దారి ఇచ్చారు. అతను తల్లి వెనక మోకాళ్ళ మీద కూర్చుని రెండు వేళ్ళతో జడను పట్టుకుని చూశాడు, లాగి చూశాడు. నా పని కాబట్టి ఊడలేదు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏందో వాసనొస్తుంది" అన్నాడు.

కొబ్బరికాయ నా చేతిలో జారింది, పట్టుకున్నాను. ఆటోలో మేకపిల్లను వెతికించిన ఆ ఉన్నే కదా అది.

బాలమ్మ కళ్ళు పైకి తిప్పింది. అప్పటిదాకా నాతో మెల్లగా మాట్లాడిన మనిషేనా అనిపించింది. "ఆర్నెల్లు కొండల పొంటి, గొర్ల పొంటి తిరిగొచ్చిన్రా! సెంటు వూసుకొని వస్తనా నీ ఇంటికి?"

యాదగిరి నేలకు నుదురు ఆనించాడు. వెనక ఎవరో ఆడమనిషి శివాలెత్తినట్టు అరిచింది. అతను తల ఎత్తకుండానే అడిగాడు: "మరి పిల్ల మీద ఉన్నదో తల్లీ?"

"ఒక్క ఇంట్ల నాకు రెండు తలలెందుకురా? పిల్లను ఇడ్సిన. దువ్వుండ్రి. బడికి తోలుండ్రి."

నేను అతని వీపే చూస్తూ ఉన్నాను. యాదగిరి లేచి, భార్యతో మామూలు గొంతుతో, "నూనె దే" అన్నాడు.

జనం కొబ్బరికాయలు కొట్టి, తలా ఒక ముక్క పట్టుకుని వెళ్ళారు. పిల్ల తల దువ్వే పని నాకే పడింది. యాదగిరి కోమటి కొట్టుకు పోయి తెచ్చిన కొత్త దువ్వెనకు సగం పళ్ళు విరిగాయి, నా సంచిలోది తీశాను. సీసాడు కొబ్బరినూనె పోసి, కొస నుంచి మొదలుపెట్టి, దువ్వెన తోకతో ఒక్కో పోగూ విడదీస్తే రెండు గంటలకు పైనే పట్టింది. రాలిన జుట్టు నా ఒడి నిండింది. ఆఖరి ముడి విడిపోయినప్పుడు నవ్య వెనక్కి చేయి పెట్టి మెడ తడుముకుంది. మళ్ళీ తడుముకుంది. "అక్కా, గాలి తగుల్తుంది" అంది. మేడం అన్న పిల్ల అక్కా అంది. నా కళ్ళు తుడుచుకుందామంటే చేతులకు నూనె.

మంచం మీద నుంచి అదంతా చూస్తున్న బాలమ్మ, వాకిట్లో మేం ముగ్గురమే ఉన్నామని చూసుకుని అంది: "నాకు గూడ జెరమే వచ్చిండె."

రాలిన జుట్టు ఏరుతున్నదాన్ని తలెత్తాను.

"పన్నెండేండ్లప్పుడు. మా అమ్మ లేకుండె, నాయిన కూలికి వోతుండె. దువ్వెటోళ్ళు లేక ముడి వడ్డది. ఊరొచ్చి మొక్కింది. నూనె పెట్టి దువ్వితే పోతుండెనని నాకు గప్పుడే తెలుసు." ఆమె గొంతులో కోపం లేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది. "ఎవరు దువ్వలేదు, అంతే."

నాలుగింటికి సుజాత జొన్నరొట్టె, చెరువు చేపల పులుసు పెట్టింది. అంత రుచిగల పులుసు నేను ఈ మధ్య తినలేదు. బయలుదేరే ముందు నా అలవాటు ప్రకారం బాలమ్మకు జాగ్రత్తలు చెప్పాను: వారం దాకా తల తడపొద్దు, లాగొద్దు, రెండు మూడు నెలలకు సడలి ఊడిపోతాయి, అప్పుడు ఫోన్ చేయండి.

"ఊడయ్ బిడ్డా. ఇగ దువ్వుకోను గద, నా ఎంటికెలే వచ్చి దాన్ని వడ్తయ్. ఆర్నెల్లల్ల అసలుయే అయితయ్."

"ఒక్కటి అడగనా అవ్వా? నడినెత్తి మీద ఎందుకు పెట్టమన్నారు?"

ఆమె కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వింది. "ఏం లేదు. యాభై ఏండ్లు జడల ముద్ద ఎనక బండ లెక్క ఉండె, పక్కకు దిరిగే పండుకున్న. తల గొరిగినంక ఈ ఆర్నెల్లే వెల్లకిల పండుకున్న. మస్తు నిద్ర వట్టింది. గందుకని అడిగిన."

వచ్చినప్పటినుంచి ఎన్నిసార్లు అదిరిపడ్డానో లెక్కలేదు, ఇది మాత్రం నా మీద నాకు కలిగిన అసహ్యం. ఆమె అడిగింది అదొక్కటే. నేను నా పనితనం చూసుకున్నాను. "ఇప్పుడే తీసి పైకి మారుస్తాను, అరగంట పని" అని సంచి తెరిచాను.

ఆమె సంచి మూతి పట్టుకుంది. "ఊరు జూసింది బిడ్డా. ఇగ అయ్యింది. నువ్వు జెప్పిందే నిజం, నెత్తి మీద పెడితే యాదగిరి నమ్మకపోతుండె."

ఐదుంపావుకు సికింద్రాబాద్ వెళ్ళే బస్సు దొరికింది. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు చింపి ఇస్తాడు. ఇటు వచ్చేవాళ్ళు కార్డు మరిచిపోకండి. శామీర్‌పేటలో ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చుని ఊపిరి తీసుకోకుండానే మొదలుపెట్టింది. "ఎరికేనా, కట్ట కింద బాలమ్మ మీదికి ఎల్లమ్మ మల్లొచ్చిందంట! నెత్తి మీద జడలు చేతులంత పొడుగు మొలిచినయంట, అందరి ముందటనే!"

"అవునా?" అన్నాను. నాకన్నా ముందు ప్రయాణం చేసి శామీర్‌పేట చేరింది నా పనితనం, అదీ చేతులంత పొడవు పెరిగి.

"మనుమరాలికి గూడ వచ్చిండె పాపం, పోయింది. ఆ పిల్లకు అదృష్టం లేదు" అందావిడ జాలిగా. నేను నూనె జిడ్డు వదలని నా చేతుల వైపు చూస్తూ తలూపాను.

ఈ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు ఇంకా తేలలేదు. మేడ్చల్‌లో ఇడ్లీ బాగుంది. శామీర్‌పేట చేపలు బాగున్నాయి. నకిలీ పని చేయడానికి వెళ్ళి, ఒక నిజం ఎలా పుడుతుందో కళ్ళారా చూసి వచ్చాను. తుంకుంట దగ్గర ఫోన్ మోగితే నవ్య ఫొటో పంపింది. వెనక నుంచి తీసింది, నూనె కారుతున్న దువ్విన జుట్టు, రబ్బరు బ్యాండు. దాని వెనక మంచం మీద బాలమ్మ పడుకుని ఉంది, గోడ వైపు తిరిగి, పక్కకు.

పొద్దున్నుంచి నిలబడి చేసిన పని, నడుము పీకుతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. సీటుకు తల వెనక్కి ఆనించాను. ఎంత హాయిగా ఉందో. ఆ హాయి ఏమిటో తెలిసిన మరుక్షణం తల పైకి తీసేశాను. యాప్రాల్ ఆటో కోసం లోతుకుంటలో దిగేదాకా మళ్ళీ ఆనించలేకపోయాను.